టార్చిలైటుతో విమానయానం

తనిఖీ పనులపై తరచు ఇతర యూనిట్లకు వెళ్ళే మా బోటివారి సంచిలో ఏ వస్తువు ఉన్నా లేకపోయినా ఒక టార్చిలైటు మాత్రం తప్పక ఉంటుంది. బాయిలరు డ్రమ్ములోనికి దూరినా, నేల క్రింది కేబుల్ సొరంగంలోనికి దిగినా ముందుగా లోపలికి పోవలసినది దాని వెలుగే. రైలులో ఎన్నడూ ఎవరికీ అభ్యంతరం కాని ఈ చిన్న వస్తువు విమానాశ్రయంలో మాత్రం మమ్మల్ని రెండు పర్యాయాలు నిలబెట్టింది. మొదటిసారి సెల్లులు చేతిసంచిలో ఉన్నందుకు తీసివేశారు. ఇరవై ఎనిమిది సంవత్సరాల తరువాత, సెల్లులు చేతిసంచిలో లేనందుకు తీసివేశారు.

మొదటిది 1995వ సంవత్సరపు మాట. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు నిండని రోజులు. మా సీనియరు ఇంజనీరుగారి వెంట ఉత్తరాదిలోని ఒక యూనిట్‌కు బాయిలరు తనిఖీ కొరకు బయలుదేరాము. మా బృందంలో అంతకుముందు విమానం ఎక్కినవారు ఆయన ఒక్కరే. ఆయన చేతిసంచిలో మూడు సెల్లుల ఇత్తడి టార్చి ఉండేది. తనిఖీ సిబ్బంది దాని అడుగు మూత విప్పి, మూడు సెల్లులూ తీసి ప్రక్కనున్న డబ్బాలో వేశారు. ఆ డబ్బా అప్పటికే సగం నిండి ఉంది. టార్చి తీసుకొనిపోవచ్చునట, సెల్లులు మాత్రం వీలుకాదట. కుర్రతనం కొద్దీ వాదనకు దిగబోయాము. ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆపారు. “మన గేటు దగ్గర అగ్గిపెట్టె తీసి పెట్టమంటే వాదించేవాడిని నువ్వు లోపలికి పంపుతావా, నాయనా?” అన్నారు.

చేరేసరికి రాత్రి అయింది. టౌన్‌షిప్ దుకాణాలు మూసివేశారు. 24 వోల్టుల హ్యాండ్‌ల్యాంపుతో డ్రమ్ము గోడలు కనబడ్డాయిగాని, ట్యూబుల నోళ్ళలోనికి ఆ వెలుగు చేరలేదు. చివరకు కాపలాదారుని బ్రతిమాలి అతని టార్చిలోని రెండు సెల్లులు తీసుకున్నాము. మూడవది క్యాంటీన్ రేడియోలో దొరికింది.

ఆనాడు ఆ డబ్బా అక్కడ ఉండటానికి తగిన చరిత్రే ఉంది. 1985 జూన్ 23న ఎయిరిండియా ‘కనిష్క’ విమానం ఐర్లండు సమీపంలో సముద్రం మీద ప్రేలిపోయి 329 మంది మరణించారు. బాంబు ఉన్న పెట్టెకు సంబంధించిన ప్రయాణికుడు అసలు విమానం ఎక్కనే లేదు. ఆ రోజు టొరంటోలో ఎక్స్‌రే యంత్రం పాడైపోగా, చేతితో పట్టుకొనే వాసన పరికరంతో పెట్టెలను పరీక్షించి పంపారు. ఒక యంత్రం చెడిపోవటం అంటే ఏమిటో నిర్వహణ విభాగంలో పనిచేసే మాకు వేరుగా చెప్పనక్కరలేదు. అదే రోజు జపానులోని నరిటా విమానాశ్రయంలో సామాను మోసే ఇద్దరు కార్మికులను బలిగొన్న బాంబు ఒక స్టీరియో ట్యూనరులో అమర్చినది. 1988 డిసెంబరులో లాకర్‌బీ పట్టణంపై కూలిన విమానంలోని బాంబు రేడియో క్యాసెట్ రికార్డరులో ఉండినది. ఆ దుర్ఘటనలో 270 మంది పోయారు. డిటొనేటరు పనిచేయటానికి కావలసిన విద్యుత్తు చిన్న సెల్లు నుండే లభిస్తుంది. కనుక సెల్లు ఉన్న ప్రతి వస్తువునూ అనుమానంతో చూడక తప్పని కాలమది. మన దేశంలో పౌర విమానయాన భద్రతా సంస్థ 1987లో ప్రత్యేక విభాగంగా ఏర్పడినది కూడా కనిష్క అనుభవం తరువాతనే.

టార్చి విషయంలో మరొక చిక్కు ఉంది. ఎక్స్‌రే తెరపై సేంద్రియ పదార్థాలు నారింజ రంగులోను, బరువైన లోహాలు నీలం రంగులోను కనబడతాయి. దళసరి లోహపు గొట్టంలో వరుసగా సెల్లులు పేర్చి ఉంటే తెరపై కనబడేది ఒక ముదురు నీలపు కడ్డీ మాత్రమే. లోపల ఉన్నది సెల్లో, మరొకటో తెర చెప్పదు. అందుకే సంచి తెరిపిస్తారు. అవమానించటానికి కాదు.

ఇక రెండవ సంఘటన 2023 నాటిది. ఈసారి బృందానికి పెద్ద మేమే. టర్బైను కేసింగు విప్పి సిద్ధంగా ఉంచారు, మరునాటి ఉదయమే తనిఖీ మొదలు కావాలి. బయలుదేరే ముందు మాలో చిన్నవాడైన ఇంజనీరు, “సార్, టార్చి సెల్లులు చేతిసంచిలో పెట్టుకోనా?” అని అడిగాడు. పాత అనుభవం మదిలో మెదిలింది. “వద్దు, అక్కడ తీసివేస్తారు. పనిముట్ల పెట్టెలో వేసి సామానుతో పంపించు” అన్నాము. ఎంతో తెలిసినవారివలెనే అన్నాము.

విమానం ఎక్కే సమయానికి మైకులో అతని పేరు వినబడింది. పెట్టెలో నాలుగు విడి లిథియం సెల్లులు కనబడ్డాయట. వెళ్ళి, తెరిచి, తీసి, సంతకం చేసి తిరిగి వచ్చేలోగా ద్వారం మూసివేశారు. అతడూ పనిముట్ల పెట్టే మరునాటి విమానంలో వచ్చారు. అక్కడ ఒక షిఫ్టు పని నిలిచిపోయింది. నిలిపివేసిన యూనిట్‌కు గంటగంటకూ లెక్క ఉంటుందని పాఠకులకు తెలియనిది కాదు. ఆలస్యానికి కారణం అడిగినప్పుడు అతడు “సెల్లుల వలన, సార్” అన్నాడేగాని, ఎవరి మాట విని అలా చేశాడో చెప్పలేదు. మేమే చెప్పవలసి వచ్చింది.

నిబంధన తలక్రిందులు కావటానికి కారణం సెల్లు మారిపోవటమే. పాత జింకు సెల్లు కారిపోతుంది, తుప్పు పట్టిస్తుంది, అంతకు మించి కీడు చేయదు. లిథియం అయాన్ సెల్లులో ధన, ఋణ పలకల మధ్య ఉండే పలుచని పొర దెబ్బతింటే లోపలే షార్ట్ అవుతుంది. వేడి పుడుతుంది, ఆ వేడితో చర్య ఇంకా వేగవంతమవుతుంది, మండే వాయువులు వెలువడతాయి, ప్రక్క సెల్లు అంటుకుంటుంది. సామాను గదిలో అగ్నిని అణచటానికి వాడే హేలాన్ వాయువు మంటను అణచగలదుగాని సెల్లులోని వేడిని లాగివేయలేదు. ప్రయాణికుల మధ్య అయితే పొగ వెంటనే కంటబడుతుంది, సిబ్బంది నీరు పోసి చల్లార్చగలుగుతారు. 2010 సెప్టెంబరులో దుబాయి నుండి బయలుదేరిన ఒక సరకు విమానం లిథియం బ్యాటరీలున్న సరకులో అగ్ని చెలరేగి కూలిపోయింది. అందులోని ఇద్దరు పైలట్లూ మరణించారు. 2016 ఏప్రిల్ నుండి ప్రయాణికుల విమానాలలో లిథియం అయాన్ బ్యాటరీలను విడి సరకుగా పంపటాన్ని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిషేధించింది.

కాబట్టి విడి లిథియం సెల్లులు, పవర్ బ్యాంకులు చేతిసంచిలోనే ఉండాలి. హాస్టలుకు వెళ్ళే పిల్లల సూట్‌కేసులో బట్టల మధ్య పవర్ బ్యాంకు సర్దే తల్లిదండ్రులు దీనిని గుర్తుంచుకోవాలి. పరిమితి 100 వాట్ అవర్లు. మిల్లీ ఆంపియర్ అవర్లను 3.7 వోల్టులతో హెచ్చించి వెయ్యితో భాగిస్తే వాట్ అవర్లు వస్తాయి. 20,000 అని రాసి ఉన్న పవర్ బ్యాంకు 74 వాట్ అవర్లు, ఫరవాలేదు. 30,000 అయితే 111. వంద దాటి 160 వరకు విమాన సంస్థ అనుమతి కావాలి, అదీ రెండింటికి మించరాదు. మా టార్చి సెల్లు ఒక్కొక్కటి పదకొండు వాట్ అవర్లే. బలం స్వల్పమే, కాని తాళపుచెవుల గుత్తితో కలిపి జేబులో వేస్తే షార్ట్ కావటానికి అది చాలు. ధ్రువాలకు టేపు అంటించి, ప్లాస్టిక్ డబ్బాలో ఉంచటం మేలు. శక్తివంతమైన టార్చి సంచిలో దానంతట అదే వెలిగితే చుట్టూ ఉన్న గుడ్డలను మాడ్చగలదు. అటువంటిదాని నుండి సెల్లు తీసి వేరుగా పెట్టాలి.

స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లయరు వంటివి మాత్రం సామానులోనే వెళ్ళాలి. అగ్గిపెట్టె, లైటరు మన దేశంలో రెండింటా నిషిద్ధం. బంధువులకని ఎండుకొబ్బరి చిప్పలు మూట కట్టేవారికి ఒక మాట. నూనె అధికంగా ఉండటం వలన తనంతట తాను వేడెక్కి అంటుకోగల పదార్థాలలో అదీ ఒకటిగా లెక్కకు వస్తుంది. ఆవకాయ జాడీ గురించి జాగ్రత్తపడే ఇల్లాండ్రు కొబ్బరిని అనుమానించరు! టార్చి మరీ పొడవుగా, బరువుగా ఉంటే దుడ్డుకర్రగా పరిగణించి నిరాకరించవచ్చు. చివరి మాట అక్కడ నిలబడిన సిబ్బందిదే.

ఆ సిబ్బంది మనకు క్రొత్తవారు కారు. ప్రభుత్వ రంగ సంస్థల రక్షణ కొరకు 1969లో ఏర్పడిన కేంద్ర పారిశ్రామిక భద్రతా దళమే, 1999 డిసెంబరు నాటి కాందహార్ హైజాకింగు తరువాత, 2000 ఫిబ్రవరిలో జైపూరుతో మొదలుపెట్టి విమానాశ్రయాల బాధ్యత స్వీకరించింది. మన గేటు వద్ద సంచి తెరిచి చూపేటప్పుడు లేని చికాకు అక్కడ ఎందుకు కలుగుతుందో!

మా సీనియరుగారు పదవీ విరమణ నాడు ఆ ఇత్తడి టార్చిని మాకు ఇచ్చి వెళ్ళారు. అది ఇప్పుడు ప్రయాణాలు చేయదు, బల్ల సొరుగులో ఉంటుంది. పనిముట్ల పెట్టె మూత లోపలివైపు మా చిన్న ఇంజనీరు స్వయంగా రాసిన చీటీ అంటించి ఉంది. “సెల్లులు చేతిసంచిలో. స్క్రూడ్రైవర్లు ఇందులో. సార్ చెప్పినా మార్చవద్దు.” మూడవ వాక్యాన్ని మేము కొట్టివేయలేదు.