చాపకూటి సంకల్పము

ఉగాదినాడు పంచాంగశ్రవణమైన పిదప ఒకటి, ఆంగ్ల సంవత్సరాదినాటి రాత్రి మఱియొకటి, ఇట్లు ఏటికి రెండు పర్యాయములు మనవారు మంచి పూనికలు పూనుచున్నారు. ఇకమీదట కోపమును తగ్గించుకొందుము, పరులయెడ దయగా నుందుము అనునవి వానిలో ముఖ్యమైనవి. పచ్చడిలోని వేపపూవు చేదు నాలుకపై ఆరకమునుపే యీ పూనికలు చల్లారిపోవుట మనమందఱ మెఱిగినదే. దీనికి మనోదౌర్బల్యమే కారణమని పెద్దలు చెప్పుదురు. మా కట్లు తోచదు. కనీసము పలనాటివారి విషయమున ఆ మాట చెల్లదు.

పట్టుదలకు పలనాడు పెట్టినది పేరు. 12వ శతాబ్దమున గురజాల, మాచెర్లల నడుమ పుట్టిన వైరము కోడిపందెముతో ముదిరి, ఏడేండ్ల వలసతో పండి, రాయబారిగా వచ్చిన అలరాజు మరణముతో కార్యమపూడి రణరంగమునకు చేరినది. ఆడినమాట తప్పుటకంటె ప్రాణము విడుచుట మేలని తలచిన వీరులకు అచట కొదువ లేకుండెను. ఆ కథ యటుండనిండు. 1921లో అడవులలో పశువులను మేపుకొనుటకు సర్కారువారు విధించిన పుల్లరిని చెల్లింపమని పలనాటి రైతులు కట్టుబడిరి. ఉద్యోగులకు చాకలి బట్టలుతుకలేదు. మంగలి క్షౌరము చేయలేదు. అంగడివారు దినుసు లమ్మలేదు. స్థితిగతులు విచారింప వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణగారును, వేదాంతము నరసింహాచార్యులుగారును చెఱసాలకేగిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడున కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు నేలకొఱగెను. ఇట్టి గడ్డపై పుట్టినవారికి మనస్సు చాలదను నపవాదు తగునా?

లోపము మనస్సులో లేదు. పూనికను కూర్చుకొను తీరులో నున్నది. వైరమునకు చేసిన ప్రతిజ్ఞను గమనింపుడు. అందు శత్రువు పేరుండును. ఏ గట్టువద్ద తగవు పుట్టినదో ఆ గట్టుండును. మఱచిపోకుండ దినమునకొకసారి గుర్తుచేయువారు ఇంటనే యుందురు. పుల్లరి పూనికయు నట్టిదే. ఏది కట్టరాదో, ఎవరికి కట్టరాదో, ఊరి పసిబాలునకు కూడ తెలిసియుండెను. ఇక దయగా నుందుమను పూనికను చూడుడు. ఎవరియెడ? ఎప్పుడు? ఏమి చేసి? ఒక్కదానికిని సమాధానము లేదు. మూడు తరములవఱకు గట్టుతగవును మఱవని గృహస్థుడు మూడువారములలో దయను మఱచెననిన వింతయేమున్నది?

పూజకు కూర్చుండబెట్టి పురోహితుడు సంకల్పము చెప్పించుట మనము తఱచుగా వినుచున్నదే. మన్వంతరము మొదలు తిథివారములవఱకు కాలమును, భరతఖండము మొదలు శ్రీశైలమునకు ఏ దిక్కున నున్నామో యంతవఱకు స్థలమును, గోత్రనామములతో కర్తను, తుదకు చేయబోవు కర్మమును పేర్కొనినగాని ఆయన ముందునకు సాగనీయడు. మాచెర్లవాడు శ్రీశైలమునకు ఈశాన్యమున నున్నానని చెప్పుకొనవలసినదే. దేవునికి మన చిరునామా తెలియక కాదు. మనకు మన పని తెలియుటకు. ఫలానా వేళ, ఫలానా చోట, ఫలానాది చేయుదునని ముందుగా నిశ్చయించుకొనినవారు, ఊరక లక్ష్యమును తలచుకొనినవారికంటె మిక్కిలిగా దానిని నెఱవేర్తురని 1999లో పీటర్ గోల్‌విట్జరను మనస్తత్వశాస్త్రజ్ఞుడు పరిశోధనల సారముగా ప్రకటించెను. మన పురోహితులు ఇదే మాటకు దక్షిణతాంబూలములతో తృప్తిపడుచున్నారు.

గాంధీమహాత్ముడు 1930లో ఎరవాడ చెఱసాలనుండి ఆశ్రమవాసులకు వ్రతములనుగూర్చి వారమువారము లేఖలు వ్రాసెను. సాధ్యమైనంతవఱకు చేయుదునను మాట వ్రతమునకు పనికిరాదని వానిలో నొకదాని తాత్పర్యము. వీలునుబట్టి దయ చూపెదమనువారికి వీలెన్నడును చిక్కదు.

అయితే తన నడవడిని తానే పరీక్షించుకొనుటలో ఒక చిక్కున్నది. అమెరికాదేశపు బెంజమిన్ ఫ్రాంక్లిను యౌవనమున సద్గుణముల పట్టిక వ్రాసికొని, చిన్న పుస్తకమున గుణమునకొక పుట చొప్పున గళ్లుగీచి, తప్పిన దినమున నల్లచుక్క పెట్టుకొనుచుండెను. తొలుత వ్రాసికొనినవి పండ్రెండే. నీయందు గర్వమున్నదని మిత్రుడొకడు తెలిపినపిదప వినయమును పదుమూడవదిగ చేర్చెను. ఆ మిత్రుడు మాకు ఫ్రాంక్లినుకంటె నెక్కువ నచ్చినాడు. కాని పదెకరముల ఆసామికి, నీయందు గర్వమున్నదని చెప్పగల మిత్రుడెవడు? చెప్పవలసినవాడు కూలివాడు. వాడు చెప్పడు.

బ్రహ్మనాయుని చాపకూటి గొప్పతనము ఇచట తెలియుచున్నది. మాచెర్లలో చెన్నకేశవుని సన్నిధిని నమ్మిన ఆ మంత్రి, అన్ని కులములవారిని ఒక చాపపై కూర్చుండబెట్టి, ఒకే కూడు పెట్టించెనని వీరగాథలు చెప్పుచున్నవి. మాలకులమున పుట్టిన కన్నమదాసును కొడుకుగా చూచుకొని సేనానాయకుని చేసెను. దీనిని సంఘసంస్కారముగా పొగడినవారు పలువురు కలరు, మేమును పొగడుదుము. కాని మాకు అంతకంటె ముచ్చటైనది అందలి ఏర్పాటు. నేడు నేను దయగా నుంటినా యని నాయుడు రాత్రివేళ తర్కించుకొన నవసరము లేదు. చాప పఱచినారా లేదా, ప్రక్కన నెవరు కూర్చుండిరి, విస్తరిలో నేమి పడినది: అందఱి కన్నులయెదుటను తెలిసిపోవును. కూలివాడు నోరు విప్పకయే సాక్షి యగుచున్నాడు.

కార్తీకమాసమున కారెంపూడిలో వీరారాధనోత్సవములు అయిదుదినములు జరుగుచున్నవి. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనునవి వాని పేర్లు. మందపోరునాడు చాపకూడు నేటికిని పెట్టుచున్నారు. ఏటికొక దినము పఱచు చాప తక్కిన దినములలో ఎచట చుట్టి పెట్టబడియున్నదని మా ప్రశ్న.

పలనాడు మారినది. 1967లో నాగార్జునసాగరము కాలువల నీరు పాఱినది. 2022 ఏప్రిల్ 4వ తేదీని నరసరావుపేట ముఖ్యపట్టణముగా పలనాడు జిల్లా యేర్పడినది. మెట్టపొలములలో మిరప ఎఱ్ఱగా పండుచున్నది. ఆ కాయలు కోయుటకు కర్నూలు ప్రాంతపు పల్లెలనుండి ఆడువారు, పిల్లలుకూడ మూటాముల్లెలతో తరలివచ్చుచున్నారు. రెంటచింతల యెండ యెట్టిదో వేసవి దినపత్రికలు చదువువారికి చెప్పనక్కఱలేదు. ఆ యెండలో వంగి పనిచేయువారియెడ ఆసామి పూనవలసిన దయ ఒక వాక్యమున వ్రాసికొనదగినది: ప్రతి శనివారము దీపము పెట్టువేళకు, అడుగకమునుపే, కూలిలెక్క తీర్చెదను. లేక, పందిరి వేసి నీళ్లకుండ పెట్టినగాని వరుసలోనికి మనిషిని దింపను. ఇంతకు మించి ఆత్మశోధన చేయదలచినవారు చేయవచ్చును. ఇది చేసిన పిమ్మట.

పట్టణమువారికిని పనియున్నది. నరసరావుపేటలో ప్రతి వేసవియందును చలివేంద్రములు వెలయుచున్నవి. ప్రారంభోత్సవపు ఛాయాచిత్రములు మావంటి పత్రికలలోనే పడుచున్నవి. రిబ్బను కత్తిరించిన మూడవవారమున ఆ కుండలో నీరెంత యున్నదో చూచి రమ్మని మే మెవ్వరినైన పంపినచో, ఆ వార్తకు ఛాయాచిత్రము దొరకకపోవచ్చును. అంగడి తెఱచుటకు ముందు కుండ కడిగి నింపెదనని ఒక వర్తకుడు వైశాఖజ్యేష్ఠములు రెండును నిలుపుకొనిన, అది చాలదా?

ఇవి చిల్లర సంగతులని కొందఱు తలపవచ్చును. పుల్లరినాటి చరిత్రనే మఱల చూడుడు. ఆనాడు చాకలి, మంగలి తమ దినవెచ్చమును పోగొట్టుకొని పూనికను నిలుపకున్న, రైతుల పూనిక నిలిచెడిది కాదు. వారికి పుల్లరి తగ్గినందున కలుగు లాభ మెంత? తమకు పశువులు లేకున్నను ఊరితో నిలిచిరి. ఆ యిండ్లవారి మనుమలు నేడు ఆసాముల వాకిటికి వచ్చినపుడు ఎచట కూర్చుండుచున్నారు?

కారెంపూడిలో చాప మఱల పఱచుటకు కార్తీకము రావలెను. ఈ లోపుగా వేసవి యున్నది, కాయకోత యున్నది. పొలమునకు పంపు మజ్జిగకుండవెంట గ్లాసులు ఎన్ని తీరులవి పోవుచున్నవో, ఎవరిది ఏదో, నేటి మధ్యాహ్నమే ఇంటిలో నడిగి తెలిసికొనవచ్చును.