కాపలాదారుకు మరో పరీక్ష

ప్రపంచకప్‌లో సెల్ఫ్ గోల్ చేసిన డిఫెండర్ ఇగ్నాషెవిచ్, కోచ్‌గా ఒకే సీజన్‌లో అటు కప్ ఫైనల్‌నూ ఇటు పతనాన్నీ చూశారు

మాస్కోలోని లుజ్నికీ స్టేడియం. 2018 జులై 1. ప్రపంచకప్ ప్రీ క్వార్టర్ ఫైనల్ మొదలై 12 నిమిషాలే అయింది. స్పెయిన్ ఫ్రీకిక్ గోల్ ముందుకు దూసుకొచ్చింది. సెర్గియో రామోస్‌ను నిలువరించే పెనుగులాటలో ఉన్న సెర్గేయ్ ఇగ్నాషెవిచ్‌కు బంతి సంగతే పట్టలేదు. అది ఆయన కాలికి తగిలి సొంత గోల్లోకే దూరింది. వయసు 38 ఏళ్ల 352 రోజులు. ప్రపంచకప్‌లో సెల్ఫ్ గోల్ చేసినవారిలో ఆయనే పెద్దవాడు. ఎవరూ కోరుకోని రికార్డు.

నిజానికి ఆయన ఆ జట్టులో ఉండాల్సిన వ్యక్తే కాదు. 2016 యూరో తర్వాత జాతీయ జట్టుకు దూరమయ్యారు. కానీ సొంతగడ్డపై ప్రపంచకప్ దగ్గరపడేసరికి వాసిన్, జికియా మోకాలి గాయాలతో మంచం పట్టారు. కాంబొలొవ్ కూడా గాయపడ్డాడు. కోచ్ స్తనిస్లావ్ చెర్చెసొవ్‌కు పాతకాపు తప్ప దిక్కులేకపోయింది.

ఆ పాతకాపు చేసిన తప్పును జ్యూబా పెనాల్టీతో సరిదిద్దాడు. స్పెయిన్ వెయ్యికి పైగా పాస్‌లు ఆడినా రష్యా రక్షణ గోడను మళ్లీ ఛేదించలేకపోయింది. షూటౌట్‌లో ఇగ్నాషెవిచ్ తడబడకుండా గోల్ కొట్టారు, అకిన్‌ఫేవ్ రెండు పెనాల్టీలు ఆపాడు, రష్యా గెలిచింది. వారం తిరక్కుండానే సోచిలో క్రొయేషియాతో మళ్లీ షూటౌట్. ఇగ్నాషెవిచ్ అక్కడా గోల్ చేశారు. కానీ ఓడింది రష్యానే. 127 అంతర్జాతీయ మ్యాచ్‌లతో, రష్యా తరఫున మరెవరూ ఆడనన్ని ఆటలతో, ఆయన బూట్లు విప్పేశారు.

మాస్కోలో పుట్టిన ఆయన సమారాలోని క్రిల్యా సొవెతొవ్‌లో ఎదిగారు. 2002లో లోకొమోతివ్‌తో లీగ్ టైటిల్ గెలిచి, 2004లో సీఎస్‌కేఏకు మారి 14 ఏళ్లు అక్కడే ఉండిపోయారు. ఐదు లీగ్ టైటిళ్లు వచ్చాయి. అన్నిటికన్నా మిన్న 2005 మేలో లిస్బన్‌లో స్పోర్టింగ్‌ను దాని సొంత మైదానంలోనే 3-1తో ఓడించి గెలుచుకున్న యూఈఎఫ్‌ఏ కప్. యూరప్ ట్రోఫీ నెగ్గిన తొలి రష్యన్ క్లబ్ అదే. అకిన్‌ఫేవ్, బెరెజుత్స్కీ కవల సోదరులు, ఇగ్నాషెవిచ్... ఏళ్ల తరబడి క్లబ్‌కూ దేశానికీ కాపలా కాసింది ఈ నలుగురే. వేగం ఎప్పుడూ ఆయన బలం కాదు. ఎక్కడ నిలబడాలో తెలియడమే ఆయన ఆస్తి.

కోచ్‌గా మారాక ఆ ఆస్తి సరిపోలేదు. 2019లో రెండో డివిజన్‌లోని టార్పెడో మాస్కో పగ్గాలు చేపట్టారు కానీ, జట్టును పైమెట్టు ఎక్కించలేకపోయారు. తర్వాత చేరిన చోటు బాల్టికా. దాని ఊరు కలినిన్‌గ్రాద్. పోలండ్, లిథువేనియాల మధ్య, మిగతా రష్యాతో నేలమీద సంబంధం లేకుండా ఉన్న ముక్క. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక యూరోపియన్ యూనియన్ గగనతలం మూతపడటంతో, మాస్కోకు విమానం బాల్టిక్ సముద్రం మీదుగా చుట్టు తిరగాల్సిందే. ప్రతి బయటి మ్యాచ్‌కూ ఈ ప్రయాస తప్పదు.

అయినా 2023లో బాల్టికా రెండో స్థానంలో నిలిచి, పాతికేళ్ల తర్వాత ప్రీమియర్ లీగ్‌లో కాలుపెట్టింది. ఆ ముచ్చట ఒక్క సీజనే. 2024లో జట్టు తిరిగి కిందికి జారిపోయింది. విచిత్రమేమిటంటే, అదే సీజన్‌లో రష్యన్ కప్ ఫైనల్‌కు కూడా చేరింది. వేదిక అదే లుజ్నికీ. ఎదురుగా గాజ్‌ప్రోమ్ డబ్బు అండతో, అప్పటికే లీగ్ ఛాంపియన్‌గా నిలిచిన జెనిత్. బాల్టికా 1-2తో ఓడింది.

నెగ్గినా యూరప్ తలుపు తెరుచుకునేది కాదు. 2022 ఫిబ్రవరిలో ఫిఫా, యూఈఎఫ్‌ఏలు రష్యా జట్లపై వేటు వేశాయి. ఇగ్నాషెవిచ్‌కు పేరు తెచ్చింది లిస్బన్ లాంటి రాత్రులు. ఆయన తర్ఫీదిచ్చిన కుర్రాళ్లకు అలాంటి రాత్రి ఒక్కటీ దక్కలేదు. ఈ శిక్షలో ఆటగాళ్ల తప్పెంత అన్న ప్రశ్నకు ఫుట్‌బాల్ పెద్దలు తృప్తికరమైన జవాబు చెప్పలేదు. ఉక్రెయిన్‌లో బాంబుల మధ్య, ఖాళీ స్టేడియాల్లో లీగ్ నడుపుకున్నవారి ముందు ఆ ప్రశ్న వేయడమూ తేలిక కాదు.

బాల్టికా కిందికి జారిన ఆ వేసవిలోనే ఇగ్నాషెవిచ్ కలినిన్‌గ్రాద్‌ను వీడారు.