పెంపుడు చిలుక - క్రొత్తవారు

ఇంటికి చుట్టములు రాగానే పంజరములోని చిలుక రెక్కలు కొట్టుకొని అరచును. వ్రేలు చూపిన కరచును. ఇది పొగరు కాదు, భయము.

మన దేశమున రామచిలుకను పట్టి పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. నేడు ఇండ్లలో పెంచునవి బడ్జరిగార్, కాకటీల్ వంటి ఆస్ట్రేలియా జాతులు. అడవిలో వీనిని డేగలు వేటాడును. కావున మీదినుండి హఠాత్తుగా వచ్చునదేదైనను వీనికి శత్రువుగానే తోచును. పంజరములో ఎగిరిపోవ వీలులేదు. ఇక మిగిలిన ఆయుధము ముక్కే.

అయితే చిలుక ముందుగా హెచ్చరించును. కాకటీల్ బెదరినచో తలమీది జుట్టు నిటారుగా లేచును. కరచుటకు సిద్ధమైనచో జుట్టు తలకు అంటుకొనును. నోరు తెరచి బుసకొట్టును. అప్పుడు అతిథి వెనుకకు తగ్గవలెను.

పంజరము నొక వైపు గోడకు చేర్చిన చిలుకకు వెనుకనుండి భయముండదు. వచ్చినవారు దూరముగ కూర్చుండి మెల్లగా మాటలాడవలెను. చిలుక తనంత తాను దగ్గరకు వచ్చినచో కొర్రకంకి నందింపవచ్చును. పంజరము తెరచుటకు ముందు తలుపులు, కిటికీలు మూసి, ఫాను ఆపవలెను.

అన్నిటికంటె ప్రమాదకరమైనది, పిల్లలు ముద్దుగా చిలుకను పిడికిట బిగించుట. మనకు రొమ్మునకు, పొట్టకు నడుమ గల ఉదరవితానము శ్వాసకు తోడ్పడును. పక్షులకు అట్టిది లేదు. రొమ్ము ఎముక కదలిననే గాలి లోనికి పోవును. రొమ్మును బిగబట్టినచో, ముక్కు తెరచియున్నను చిలుక ఊపిరాడక చనిపోవును.