పాత కారు - కొత్త పెట్రోలు

పడమటి కనుమల పాదాన, తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన రాజపాళయంలో, పాత కారును కాపాడుకొనదలచిన గృహస్థునికి తుప్పు ఎరిగిన శత్రువే. ఐప్పసి వానల అనంతరం తలుపుల అడుగు అంచులు, కాళ్లకింది రేకు పరీక్షించక తప్పదు. అంతకంటె ప్రమాదం నేడు ఇంధనంలోనే ఉంది.

బంకుల్లో లభించే ఇ-20 పెట్రోలులో 20 శాతం ఇథనాల్. అది తేమను పీలుస్తుంది. నెలల తరబడి కదలని కారులో ఆ నీరు ట్యాంకు అడుగుకు దిగి రేకును తినివేస్తుంది. మద్రాసులో అశోక్ మోటార్స్ కూర్చిన ఆస్టిన్ ఏ40 గాని, 2014లో తయారీ నిలిచిన అంబాసిడర్ తొలి నమూనాలు గాని ఇటువంటి ఇంధనానికి రూపొందినవి కావు. వాటి రబ్బరు గొట్టాలు క్రమేణా ఉబ్బి చీలుతాయి. వేడి ఇంజనుపై పెట్రోలు కారితే కారుతో పాటు ఇల్లూ అంటుకోవచ్చు. షెడ్డు ఇంటికి ఆనుకొని ఉండటం మామూలే కదా! కనుక రంగుకూ మెరుపుకూ ఖర్చు పెట్టేముందు ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు, క్లిప్పులు వేయించాలి. నెలలు నిలిపేటట్లయితే ట్యాంకు, కార్బురేటరు ఖాళీ చేయించాలి. లేదంటే వారానికొకసారి శ్రీవిల్లిపుత్తూరు దాకా నడిపి రావాలి. నిలిపిన చోటనే ఇంజను తిప్పితే చాలదు.

2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, మూలరూపం చెడని సొంత వాహనాలకే ‘వీఏ’ వరుస నంబరు లభిస్తుంది. వాటిని నిత్యప్రయాణాలకు వాడరాదు. 1980ల నాటి అంబాసిడర్ ఎంత ముచ్చటైనదైనా ఇంకా ఆ వరుసకు రాదు.