హాబీ: పుస్తకాలు చదవడం.. ఎలా అనిపించింది మరి?

రెజ్యూమె రాసేటప్పుడు చివరి గడి దగ్గరికి వచ్చేసరికి చాలామందికి చెయ్యి ఆగిపోతుంది. చదువు, మార్కులు, కంప్యూటర్ కోర్సు అన్నీ నింపాక 'హాబీలు' మిగులుతాయి. క్రికెట్ అని రాస్తే ఏ జట్టుకు ఆడావంటారు. పాటలు అని రాస్తే ఒకటి పాడమంటారు. ఎందుకొచ్చిన గొడవ అని 'పుస్తకాలు చదవడం' అని రాసేస్తారు. ఆ గడిలో అంతకు మించిన ప్రమాదకరమైన మాట ఇంకోటి లేదు. "ఈమధ్య ఏం చదివారు?" అన్న ప్రశ్న ఖాయం. దానికి ఏదో ఒక పేరు చెప్పి బయటపడొచ్చు. ఆ తర్వాత వచ్చేదే అసలు ప్రశ్న: "మీకెలా అనిపించింది?"

మా చాగలమర్రి నుంచి ఆళ్లగడ్డ మీదుగా నంద్యాలకు బస్సెక్కే డిగ్రీ పిల్లలను, కోచింగ్ పిల్లలను చూస్తూ ఉంటాను. బ్యాంకు పరీక్షల శిక్షణకు నంద్యాలకు ఎంత పేరుందో మీకు చెప్పక్కర్లేదు. ఎక్కడెక్కడి జిల్లాల వాళ్లో వచ్చి గదులు తీసుకుని ఉంటారు. బస్సులో వీళ్ల సంచుల్లో ఉండేది రీజనింగ్, అర్థమెటిక్ పుస్తకాలు. చేతుల్లోని ఫోన్లలో మాత్రం వేరే లోకం: ప్రతిలిపి యాప్‌లో ప్రేమ సీరియల్, లేకపోతే దెయ్యం కథ. కథ చదివేవాళ్లు తగ్గిపోయారని అనేవాళ్లు ఒకసారి ఈ బస్సెక్కి చూడాలి. చదువుతున్నారు. కానీ చదివేది ఒకటి, అడిగితే చెప్పేది ఇంకొకటి.

ఇంటర్వ్యూకు సాధన చేస్తున్న ఒక కుర్రాడిని ఇదే ప్రశ్న అడిగాను. టకీమని 'ఒక విజేత ఆత్మకథ' అన్నాడు. అబ్దుల్ కలాం 'వింగ్స్ ఆఫ్ ఫైర్'కు వాడ్రేవు చినవీరభద్రుడు చేసిన తెలుగు అనువాదం అది. "అందులో నీకు నచ్చిందేంది?" అంటే "కలలు కనాల, వాటిని నిజం చేసుకోవాల అన్నా" అన్నాడు. ఆ మాటకు పుస్తకం దాకా ఎందుకు, బడి గోడ మీది పోస్టర్ చాలు. "అది సరేగానీ, నిజంగా ఈమధ్య ఏం చదివినావు?" అని మళ్లీ అడిగితే కాసేపు నసిగి, "తులసిదళం అన్నా. రెండు రాత్రిళ్లు లైటు ఆర్పలేదు" అన్నాడు. ఇంక అక్కడి నుంచి పావుగంట ఆపకుండా మాట్లాడాడు. ఎక్కడ భయపడ్డాడో, ఎక్కడ నమ్మబుద్ధి కాలేదో, వాళ్లమ్మ ఆ పుస్తకం ఇంట్లో పెట్టొద్దని ఎందుకు తిట్టిందో అన్నీ చెప్పాడు. "ఇదే చెప్పొచ్చు గదా" అంటే, "దెయ్యాల నవల చదివినానంటే బోర్డులో నవ్వరా అన్నా?" అన్నాడు.

నవ్వరు. ఒకవేళ నవ్వినా అది మీకు మంచిదే, గదిలో గాలి కాస్త తేలికవుతుంది. బోర్డులో కూర్చున్నవాళ్లకు మీరు చదివిన పుస్తకం గొప్పదా కాదా అన్నది పెద్ద విషయం కాదు. ఒక విషయం మీద మీకంటూ ఒక అభిప్రాయం ఉందా, దానికి కారణం చెప్పగలరా, ఎదుటివాళ్లు కాదంటే తడబడకుండా, తగువు పడకుండా నిలబడగలరా అని చూస్తారు. ఐబీపీఎస్ పీవో ఎంపికలో ఇంటర్వ్యూకు 100 మార్కులు, తుది జాబితాలో దానికి 20 శాతం వెయిటేజీ. ఏపీపీఎస్సీ గ్రూప్-1లో 75 మార్కులు, సివిల్స్‌లో 275. ఒకటి రెండు మార్కుల తేడాతో తలరాతలు మారే చోట 'హాబీ' ప్రశ్న ఊరికే పోగొట్టుకునేది కాదు.

ఉపన్యాసం చాలు, నేను చదివినవాటి గురించి నా అభిప్రాయాలు చెప్తాను. వీటితో మీరు ఏకీభవించాలని లేదు, గొడవ పడితే ఇంకా సంతోషం.

భయంతోనే మొదలుపెడదాం. ఊరి పేరులోనే మర్రిని పెట్టుకున్నవాళ్లం, మర్రిచెట్టు మీది దెయ్యాల కథలు మనకు కొత్తేమీ కాదు. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' మాత్రం చెట్టు మీది భయం కాదు. చిన్నపిల్ల ఆడుకునే ఇంట్లోకి, అమ్మానాన్నలు నిద్రపోయే గదిలోకి చేతబడిని తెచ్చి పెట్టిన నవల. 1980ల నాటి ఈ పుస్తకం ఇప్పటికీ జనాన్ని నిద్ర పోనివ్వడం లేదంటే రహస్యం అక్కడే ఉందని నా ఊహ. పాడుబడ్డ బంగళాకు మనం వెళ్లకుండా ఉండొచ్చు, సొంత ఇంటికి వెళ్లక తప్పదు కదా.

నాకు నచ్చనిదీ ఇందులోనే ఉంది. పాపకు వచ్చిన కష్టం మంత్రం వల్లా, వైద్యానికి అందే కారణం వల్లా అన్నదానికి రచయిత రెండు తలుపులూ తెరిచే ఉంచుతాడు. కథ నడిపే నేర్పుగా చూస్తే అది భేష్. కానీ చేతబడి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన ఘటనలు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జరిగాయి. అలాంటి నేల మీద నిలబడి 'నమ్మితే నమ్ము, లేకపోతే లేదు' అనడం నాకు సరిపోలేదు. ఇంకో తమాషా ఏమిటంటే, మీలో చాలామంది బల్ల మీద ఉండే 'విజయానికి ఐదు మెట్లు' రాసిందీ ఈయనే. చార్టర్డ్ అకౌంటెంట్, బ్యాంకులో ఉద్యోగం చేసిన మనిషి. బ్యాంకు ఇంటర్వ్యూలో ఈ సంగతి వాడుకోకపోతే మీ ఇష్టం.

ఇక ప్రేమకథలు. ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ పుణ్యమా అని రవి మంత్రి 'అమ్మ డైరీలో కొన్ని పేజీలు' కుర్రకారు చేతుల్లోకి వచ్చింది. దాని సంగతి మీకే బాగా తెలుసు కాబట్టి నేను పాత పుస్తకం దగ్గరికి వెళ్తాను. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' 1960ల నాటి నవల. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమాగా కూడా వచ్చింది. అందరూ దీన్ని రాజశేఖరం అందం కోసం, కారు కోసం చదివామంటారు. ఉద్యోగం వెతుక్కునేవాళ్లుగా మీరు చదివితే వేరే కథ కనబడుతుంది. జయంతి డబ్బులేని ఇంటి పిల్ల, జీతం అవసరం. ఆ అవసరాన్ని, ఆత్మాభిమానాన్ని రెంటినీ ఒకే చేతిసంచిలో పెట్టుకుని ఆఫీసుకు వెళ్తుంది. అమ్మాయి ఉద్యోగానికి వెళ్లడమే వింతగా చూసే రోజుల్లో ఆ తల ఎత్తుకోవడం ఎంత మంది పాఠకురాళ్లకు ధైర్యం ఇచ్చి ఉంటుందో!

రాజశేఖరం మీద మాత్రం నాకు అంత మోజు లేదు. జీతం ఇచ్చే మనిషే మనసు కూడా అడిగితే, కాదనడం ఆ అమ్మాయికి ఎంత కష్టం? ఇప్పుడైతే పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 నాటి చట్టం ఉంది. పది మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట అంతర్గత కమిటీ ఉండాలి. నవలను చట్టంతో కొలవడం అన్యాయమని మా ఇంట్లోనే ఒకరు నాతో వాదించారు. వాళ్ల మాటలోనూ పస ఉంది: జయంతి ఎక్కడా లొంగిపోదు. అయినా నా అభిప్రాయం మారలేదు. అపార్థాల మీద అపార్థాలు పేర్చి పెళ్లిని వాయిదా వేసే పద్ధతి కూడా మధ్యలో విసిగించింది. రెండు మాటలు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటే తెమిలిపోయే సంగతులవి. అయినా చివరిదాకా చదివాను, అదే యద్దనపూడి గొప్పతనం.

ఈ మూడు రకాల్లో నన్ను ఎక్కువ రోజులు వదలనిది ఆత్మకథ: కొండపల్లి కోటేశ్వరమ్మ 'నిర్జన వారధి'. 1918లో పుట్టిన ఆమె ఈ పుస్తకం తెచ్చేనాటికి, అంటే 2012కు, తొంభై దాటారు. ఊహ తెలియని వయసులో పెళ్లి, వెంటనే వైధవ్యం, తర్వాత కొండపల్లి సీతారామయ్యతో పునర్వివాహం, కమ్యూనిస్టు పార్టీ పని, అజ్ఞాతం, ఆపైన భర్త విడిచిపోవడం, చివరికి బిడ్డలు ఇద్దరినీ పోగొట్టుకోవడం. ఒక్క మనిషికి ఇన్నా అనిపిస్తుంది.

మీకోసం నేను వేలు పెట్టి చూపించేది ఇంకో చోట. భర్త దూరమయ్యాక, ముప్పై అయిదు దాటిన వయసులో ఆమె ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదివారు. తనకంటే ఎంతో చిన్నవాళ్ల పక్కన కూర్చుని. ఆ తర్వాత కాకినాడలో పాలిటెక్నిక్ విద్యార్థినుల హాస్టల్‌లో మేట్రన్‌గా ఉద్యోగం. డిగ్రీ అయి రెండేళ్లయినా కొలువు రాలేదని, చుట్టాల పెళ్లికి పోవడానికి కూడా మొహం చెల్లడం లేదని బాధపడేవాళ్లు ఈ పేజీ చదివేవాళ్లలో ఉంటారు. 'గ్యాప్ ఎందుకొచ్చింది?' అన్న ప్రశ్నకు భయపడేవాళ్లూ ఉంటారు. మిమ్మల్ని ఊరడించడానికి కాదుగానీ, ఆ పేజీలు ఒకసారి చదవండి. ఆమె దాన్ని ఘనకార్యంగా రాసుకోలేదు. తిండి కావాలి, ఒకరి మీద ఆధారపడకూడదు, అందుకు చదువు కావాలి. అంతే లెక్క.

నా ఫిర్యాదు కూడా ఉంది. అంత దుఃఖాన్ని ఆమె చాలాచోట్ల గబగబా దాటేస్తారు. ఇక్కడ కాస్త ఆగి, కోప్పడి ఉంటే బాగుండునని అనిపించింది. కోప్పడకపోవడమే ఆ పుస్తకానికి బలమని ఇంకొకరు అనొచ్చు. ఈ విషయంలో నేనింకా అటూ ఇటూ ఊగుతూనే ఉన్నాను. ఇంటర్వ్యూలో ఇలా ఊగుతున్నానని చెప్పినా తప్పులేదు, ఎందుకు ఊగుతున్నారో చెప్పగలిగితే.

గమనించారో లేదో, పైన ఏ పుస్తకం కథా పూర్తిగా చెప్పలేదు. 'బాగుంది', 'స్ఫూర్తినిచ్చింది' లాంటి మాటలతో సరిపెట్టనూ లేదు. పుస్తకంలోని ఒక చోటును పట్టుకుని అక్కడ నాకేమైందో చెప్పాను. మీరూ అలాగే చేయండి. కలాం పుస్తకమే చెప్పాలనుకుంటే అలాగే కానివ్వండి. కానీ కలల గురించి వద్దు. వాయుసేన ఎంపికలో ఎనిమిది పోస్టులకు 25 మందిని పరీక్షిస్తే ఆయన తొమ్మిదో స్థానంలో మిగిలిపోయిన పేజీ ఉంది చూడండి, అక్కడి నుంచి మాట్లాడండి. ఒక్క ర్యాంకుతో పోగొట్టుకోవడం అంటే ఏమిటో నంద్యాల గదుల్లో ఉన్నవాళ్లకు ఎవరూ వివరించక్కర్లేదు. ఆ పుస్తకంలో ఇంకేమీ గుర్తులేకపోయినా ఆ పేజీ మీ సొంత మాటల్లో వస్తుంది.

పుస్తకాలు కొనే డబ్బు లేదంటారా? మీ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఎప్పటినుంచో కడుతూనే ఉన్నారు. శాఖా గ్రంథాలయానికి వెళ్తే పోటీ పరీక్షల పుస్తకాల కోసం కిటకిటలాడే బల్లల వెనక నవలల బీరువా ఉంటుంది, దాని దగ్గర పెద్దగా ఎవరూ ఉండరు. కొద్దిపాటి డిపాజిట్ కట్టి సభ్యులైతే ఇంటికి తెచ్చుకోవచ్చు. వారపు సెలవు శుక్రవారం. ఆదివారం తెరిచే ఉంటుంది.