ముఖపు తొడుగులు – మృత్యువు

బెల్జియం దేశమున సముద్రతీరమునందు ఆస్టెండ్ అను పట్టణము కలదు. అచట 1860వ సంవత్సరమున జేమ్స్ ఎన్సర్ జన్మించెను. అతని తల్లి వైపువారు ఒక అంగడి నడుపుచుండిరి. అందు శంఖములు, గవ్వలు, చిత్రవిచిత్రములైన దూరదేశపు వస్తువులతో పాటు కార్నివాల్ పండుగకు వలయు ముఖపు తొడుగులును అమ్మబడుచుండెడివి. క్రైస్తవుల నలుబది దినముల ఉపవాసవ్రతమునకు ముందు వచ్చునది ఆ పండుగ. అప్పుడు జనులు తొడుగులు ధరించి వీథులలో చిందులు త్రొక్కుదురు. ఆ బాలునకు అంగడియే మొదటి చిత్రశాల.

బ్రస్సెల్సు నగరమున 1877 మొదలు 1880 వఱకు చిత్రకళ నభ్యసించి, ఎన్సర్ ఇల్లు చేరి మేడమీది గదిలో చిత్రములు వేయసాగెను. ఆ కాలముననే ఐరోపాలో ప్రతీకవాదము తలయెత్తెను. కంటికి గోచరించునది చిత్రించుట చాలదనియు, మనస్సునందలి భయములను, స్వప్నములను సంకేతములచే తెలుపవలెననియు ఆ వాదుల మతము. ఎన్సర్ సంకేతములకై దూరము పోనక్కఱలేకపోయెను. అవి ఇంటి అంగడిలోనే వ్రేలాడుచుండెను.

తొడుగు ముఖమును దాచునని లోకము తలచును. ఎన్సర్ చిత్రములలో అది దాపరికమును బయటపెట్టును. లోనున్న లోభము, గర్వము, మౌఢ్యము పైకి వచ్చి తొడుగై నిలుచును. 1888లో వేసిన ఒక చిత్రమున తెల్లని వస్త్రము దాల్చిన మృత్యువు నడుమ నిలువగా, చుట్టును తొడుగులు మూగినవి. అవి పరిహసించుచున్నవో, భయపడుచున్నవో తేల్చి చెప్పుట కష్టము.

ఆ సంవత్సరముననే అతడు ‘1889లో బ్రస్సెల్సున క్రీస్తు ప్రవేశము’ అను పటమును చిత్రించెను. దాని వెడల్పు 4 మీటర్లకు మించినది. ముందు భాగమంతయు తొడుగుల జనసమ్మర్దమే. గాడిదపై వచ్చు క్రీస్తు వెనుక నెక్కడనో చిన్నగా కనబడును. ఆతని వంక చూచువారు అరుదు. ఎన్సర్ తానును కలిసి స్థాపించిన చిత్రకారుల సంఘమే దీనిని ప్రదర్శింప నిరాకరించెను. శత్రువుల నింద కన్న మిత్రుల తిరస్కారము తీవ్రమైనది కదా! 1929 వఱకు ఆ పటము ప్రజల కంటబడలేదు. ఆ యేడే ప్రభుత్వము అతనికి బ్యారన్ బిరుద మొసగెను.

1889 నాటి మఱియొక చిన్న చిత్రమున కొన్ని యస్థిపంజరములు బట్టలు కట్టుకొని, చలి కాచుకొనుటకై పొయ్యి చుట్టు చేరినవి. పొయ్యిలో నిప్పులేదు. రేపైనను దొరకునా యను ప్రశ్న పొయ్యిమీదనే వ్రాయబడియున్నది. చెంత రంగుల పలకయు, వయొలినును పడియున్నవి. చచ్చిన పిమ్మటను చలి వదలని ఆ యెముకలను చూచిన మొదట నవ్వు వచ్చును. పిదప ఆ పలక ఎవరిదో స్ఫురించి నవ్వు ఆగును.

ఎన్సర్ తన్నును విడువలేదు. 1888లో, ఇరువది యెనిమిదేండ్ల ప్రాయమున, రాగిరేకుపై చెక్కి ముద్రించిన ఒక చిత్రమునకు ‘1960లో నా రూపము’ అని పేరు పెట్టెను. అందున్నది మేను వాల్చిన యొక యస్థిపంజరము. ఆ యేటికి తనకు నూఱేండ్లు నిండునని అతని లెక్క. అతడు 1949లో ఆస్టెండ్‌లోనే మరణించెను.