వచ్చే ఏడు మన జట్టు ఎన్ని ఆటలు గెలుస్తుంది?

ఫిబ్రవరి నెల వచ్చిందంటే అమెరికాలో బేస్‌బాల్ అభిమానులకు ఒకటే ధ్యాస. ఉత్తరాది ఊళ్ళలో మంచు ఇంకా కరిగి ఉండదు. ఆటగాళ్ళు మాత్రం వెచ్చగా ఉండే ఫ్లారిడా, అరిజోనా రాష్ట్రాలకు చేరుకుని సాధన మొదలుపెడతారు. అసలు పోటీలు మార్చి నెలాఖరుకు గాని మొదలు కావు. ఈలోగా అభిమానులు లెక్కలు వేస్తూ ఉంటారు. "పోయినేడు ఇన్ని ఆటలు గెలిచాం. ఈసారి మరో మంచి ఆటగాడు వచ్చాడు. ఇంకేం, కప్పు మనదే!" అంటారు.

ఇటువంటి మాటలు మనకూ కొత్త కాదు. క్రికెట్ పోటీలకు ముందు మీరూ ఇలాగే వాదించుకుని ఉంటారు. మరి ఈ జోస్యాలలో నిజమెంత? పోయినేటి గెలుపులను చూసి ఈ ఏటి గెలుపులను చెప్పవచ్చునా? రండి, ఒక జట్టు కథ తీసుకుని పరిశీలిద్దాం.

ముందు ఆట సంగతి

బేస్‌బాల్‌లో బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. బ్యాటుతో కొట్టేవాడు బంతిని కొట్టి, మైదానంలో నాలుగు మూలలా ఉండే నాలుగు బేస్‌లను వరుసగా చుట్టి వస్తే ఒక పరుగు. ముగ్గురు ఔటైతే రెండో జట్టుకు వంతు వస్తుంది. ఇలా ఒక్కొక్క జట్టు తొమ్మిదిసార్లు ఆడుతుంది. క్రికెట్‌లోలాగా ఇందులో వందల పరుగులు రావు. 4-3, 5-2 వంటి ఫలితాలు సర్వసాధారణం. రెండు జట్లూ సమానంగా నిలిస్తే, ఎవరో ఒకరు గెలిచేదాకా ఆట సాగుతూనే ఉంటుంది.

అక్కడి పెద్ద పోటీలలో 30 జట్లు ఉన్నాయి. ఒక్కొక్క జట్టు ఆరు నెలల్లో 162 ఆటలు ఆడుతుంది. ఆ తరువాత పైస్థాయిలో నిలిచిన జట్ల మధ్య చివరి పోటీలు జరుగుతాయి.

95 గెలుపుల వెనుక

టెక్సాస్ రాష్ట్రంలో డల్లాస్, ఫోర్ట్ వర్త్ నగరాల మధ్య ఆర్లింగ్టన్ అనే ఊరుంది. టెక్సాస్ రేంజర్స్ అనే జట్టు అక్కడిదే. డల్లాస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు చాలామంది నివసిస్తున్నారు. మీ బంధువులెవరైనా అక్కడ ఉంటే ఈ జట్టు పేరు వినే ఉంటారు.

2016లో రేంజర్స్ జట్టు 95 ఆటలు గెలిచి, 67 ఓడింది. చాలా గొప్ప ఫలితం. చివరి పోటీల మొదటి మెట్టులోనే ఓడిపోయినా, అభిమానుల ఆశ తగ్గలేదు. "95 గెలిచిన జట్టు, వచ్చే ఏడు ఇంకా బాగా ఆడదా?" అనుకోవడం సహజమే కదా!

ఇప్పుడు అదే ఏడాది లెక్కలను మరోవైపు నుంచి చూద్దాం. 162 ఆటలలోనూ కలిపి రేంజర్స్ చేసిన పరుగులు 765. ఎదుటి జట్లకు ఇచ్చిన పరుగులు 757. తేడా ఎనిమిదే! ఇచ్చినన్ని పరుగులే తెచ్చుకున్న జట్టు, సగానికంటే అన్ని ఎక్కువ ఆటలు ఎలా గెలిచింది?

రహస్యం ఇదీ. ఆ ఏడాది 47 ఆటలు ఒకే ఒక్క పరుగు తేడాతో తేలాయి. వాటిలో రేంజర్స్ 36 గెలిచి, 11 మాత్రమే ఓడింది. మిగిలిన 115 ఆటలలో 59 గెలిచి, 56 ఓడింది. అంటే ఆ మిగిలిన ఆటలలో అది ఇంచుమించు సరిసమానమైన జట్టే.

ఒక్క పరుగు తేడా అంటే ఎంతో ఊహించండి. బంతి జానెడు అటు పడితే గెలుపు, ఇటు పడితే ఓటమి. ఆట చివర్లో విసరడానికి మంచి పిచ్చర్లున్న జట్టుకు కొంత మొగ్గు ఉండవచ్చు. అయినా ఇటువంటి ఆటలలో అదృష్టం పాలే ఎక్కువ.

పైథాగరస్‌ను తలపించే సూత్రం

ఈ సంగతిని లెక్కతో పట్టుకున్నవాడు బిల్ జేమ్స్. ఆయన కాన్సాస్ రాష్ట్రంలో, డబ్బాలలో చిక్కుడుగింజలు నింపే కర్మాగారంలో రాత్రి కాపలాదారుగా పనిచేశాడు. తీరిక వేళల్లో బేస్‌బాల్ అంకెలను పరిశీలిస్తూ, 1977లో ఒక చిన్న పుస్తకం సొంతంగా అచ్చు వేసుకున్నాడు. తరువాత ఏటేటా రాశాడు. ఆయన చెప్పిన సూత్రం ఇది:

చేసిన పరుగుల వర్గాన్ని, చేసిన పరుగుల వర్గం, ఇచ్చిన పరుగుల వర్గం కలిపిన మొత్తంతో భాగించాలి. వచ్చినదే జట్టు గెలవవలసిన ఆటల వంతు.

వర్గాల కూడిక ఉంది కనుక, లంబకోణ త్రిభుజం గుర్తుకు వచ్చి దీనికి పైథాగరస్ పేరే పెట్టారు. త్రిభుజంతో దీనికి వేరే సంబంధమేమీ లేదు. ఇది రేఖాగణితంలోలాగా రుజువు చేసిన సిద్ధాంతమూ కాదు. జరిగిన ఆటల లెక్కలతో పోల్చి చూస్తే బాగా సరిపోయిన సూత్రం మాత్రమే.

పెన్సిలు తీసుకోండి. 765 వర్గం 5,85,225. 757 వర్గం 5,73,049. రెంటినీ కూడితే 11,58,274. మొదటిదాన్ని ఈ మొత్తంతో భాగిస్తే సుమారు 0.505. దీన్ని 162తో హెచ్చిస్తే సుమారు 82. అంటే పరుగుల లెక్క ప్రకారం రేంజర్స్ గెలవవలసినవి 82 ఆటలు. గెలిచినవి 95. ఆ 13 ఎక్కువే!

మరుసటి ఏడాది, 2017లో ఏమైంది? రేంజర్స్ 78 ఆటలు గెలిచి, 84 ఓడింది. 95ను నమ్ముకున్నవారికి నిరాశ మిగిలింది. పరుగులను చూసినవారి అంచనా నాలుగు ఆటల దూరంలో నిలిచింది.

మీరే చేసి చూడండి

అదృష్టం ఎలా వచ్చిపోతుందో తెలుసుకోవడానికి ఒక రూపాయి బిళ్ళ చాలు. తరగతిలో 30 మంది ఉన్నారనుకోండి. ఒక్కొక్కరు పదిసార్లు బిళ్ళ ఎగరవేసి, బొమ్మ ఎన్నిసార్లు పడిందో రాసుకోవాలి. చాలామందికి నాలుగో, అయిదో, ఆరో పడతాయి. ఒకరిద్దరికి ఎనిమిది గాని, అంతకంటే ఎక్కువ గాని పడవచ్చు. వాళ్ళు బిళ్ళ ఎగరవేయడంలో నిపుణులా? వాళ్ళచేతనే మళ్ళీ పదిసార్లు వేయించండి. ఈసారి అయిదుకు దగ్గరగా పడడానికే అవకాశం ఎక్కువ. బిళ్ళ మారలేదు, చెయ్యి మారలేదు. మొదటిసారి కలిసివచ్చిన అదృష్టం రెండోసారి రాలేదు, అంతే.

162 ఆటలంటే చాలా ఎక్కువే, అదృష్టం కొట్టుకుపోదా అని మీరు అడగవచ్చు. కొంత కొట్టుకుపోతుంది, పూర్తిగా కాదు. ప్రతి ఆటా బొమ్మా బొరుసూ లాంటిదే అయితే, సగటున 81 గెలుపులు రావాలి. కాని అది 75కూ 87కూ మధ్య ఉండేది సుమారు మూడింట రెండుసార్లు మాత్రమే. మిగిలినప్పుడు ఇంకా దూరం జరుగుతుంది.

బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో ఇటువంటి విషయాన్నే మనుషుల ఎత్తులలో గమనించాడు. చాలా పొడుగైన తల్లిదండ్రుల పిల్లలు పొడుగ్గానే ఉంటారు, కాని సగటున తల్లిదండ్రులంత కాదు. మరీ ఎక్కువైనదాని వెంట వచ్చేది సగటువైపు కొంత మరలుతుంది. దీన్ని సగటువైపు మరలడం అంటారు.

కిందినుంచి పైకి

సగటువైపు మరలడమంటే ఎప్పుడూ కిందికి జారడమే కాదు. అదే రేంజర్స్ 2022లో 68 ఆటలే గెలిచి, 94 ఓడింది. ఒక్క పరుగు తేడాతో తేలిన 50 ఆటలలో 15 గెలిచి, 35 ఓడింది! చేసిన పరుగులు 707, ఇచ్చినవి 743. సూత్రం వేసి చూడండి, 77 వస్తుంది. జట్టు గొప్పది కాదు నిజమే, కాని 68 గెలుపులు చూపినంత బలహీనమైనదీ కాదు. తరువాత కొత్త శిక్షకుడు వచ్చాడు, కొత్త పిచ్చర్లు వచ్చారు. 2023లో 90 ఆటలు గెలిచి, చివరి పోటీలలోనూ నెగ్గి, తన చరిత్రలో మొదటిసారి విజేతగా నిలిచింది.

77 నుంచి 90కి ఎదగడం అదృష్టం మారినంత మాత్రాన జరగలేదని గమనించండి. జట్టు నిజంగానే బాగుపడింది. అందుకే సూత్రం ఒక్కటే చాలదు. దీనికి మంచి ఉదాహరణ సియాటిల్ మెరినర్స్. 2021లో ఆ జట్టు చేసిన పరుగులు 697, ఇచ్చినవి 748. లెక్క ప్రకారం 75 గెలవాలి, గెలిచినవి 90. మరుసటి ఏడు తప్పక జారిపోతుందనిపిస్తుంది కదూ? కాని 2022లోనూ సరిగ్గా 90 గెలిచింది! ఆ ఏడు చేసిన పరుగులు 690, ఇచ్చినవి 623. అంటే ఈసారి గెలుపులకు తగిన బలం జట్టులోనే ఉంది. సూత్రం పోయినేటి జట్టును తూచింది. ఆడింది మాత్రం మారిన జట్టు.

కాబట్టి అభిమాని అడగవలసిన ప్రశ్నలు రెండు. పోయినేటి ఫలితంలో బలమెంత, అదృష్టమెంత? ఆ తరువాత ఎవరు వచ్చారు, ఎవరు వెళ్ళారు, ఎవరికి వయసు మీదపడింది, ఎవరు గాయపడ్డారు? ఈ రెండూ అడిగినా అంచనా తప్పవచ్చు. తప్పదని తెలిస్తే ఆట చూడడమెందుకు?

గెలిస్తే "మా బలం", ఓడితే "మా ఖర్మ" అనుకోవడం మనిషికి అలవాటు. గెలిచినప్పుడు కూడా "ఇందులో అదృష్టమెంత?" అని అడగడం కష్టం. మీకు ఒక పరీక్షలో అనుకోనన్ని మార్కులు వచ్చినప్పుడు, చదివిన ప్రశ్నలే వచ్చాయా అని ఒక్కసారి ఆలోచించండి. తక్కువ వచ్చినప్పుడూ అలాగే ఆలోచించండి. అప్పుడు పొంగిపోవలసిన పనీ ఉండదు, కుంగిపోవలసిన పనీ ఉండదు.